ఆన్‌లైన్ సర్వేలో జవాబులు గొంతుతో తీసుకుంటున్నారా? నాకు సగం ఫైళ్ళు ఖాళీగా వస్తున్నాయి

మాండలిక_మంజరి
పీహెచ్‌డీ పని మీద ఒక ఆన్‌లైన్ సర్వే నడుపుతున్నా. సొంత ఊరు వదిలి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్ళ మాటలో ఊరి యాస ఏ మేరకు మిగిలింది, ముందుగా ఏది పోతోంది అన్నది విషయం. శ్రీకాకుళం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు కావాలి. బొమ్మ చూసి పేరు చెప్పాలి, తర్వాత ఒక ప్రశ్నకు నిమిషం పాటు మాట్లాడాలి.

టైపింగ్ పెడితే పని జరగదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు ముక్కలు కొట్టి వదిలేస్తున్నారు. యాస ఉండేది మాటలో, అది అక్కడే ఆగిపోతోంది. అందుకే యూనివర్సిటీ కొన్న సర్వే సాఫ్ట్‌వేర్‌లో వాయిస్ రికార్డింగ్ పెట్టించా. లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. వచ్చిన ఫైళ్ళలో సగం ఖాళీ. కొన్నిట్లో మొదటి మాట తెగిపోయి వస్తోంది. ఐఫోన్ వాళ్ళవైతే తెరుచుకోవడమే లేదు. వీటికంటే పెద్ద బాధ ఏంటంటే, అరవై దాటినవాళ్ళు మైకు పేజీ రాగానే మూసేసి వెళ్ళిపోతున్నారు. నాకు ముఖ్యంగా కావాల్సింది వాళ్ళే.

గైడ్ గారు ఇవన్నీ మానేసి రికార్డరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళమంటున్నారు. వెళ్ళడానికి సిద్ధమే గానీ నగరంలో వీళ్ళంతా ఎక్కడెక్కడో ఉన్నారు. ఈ పని చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

కోడ్‌కాపరి
ఐఫోన్ సంగతి ముందు చూద్దాం. బ్రౌజర్లో గొంతు రికార్డు చేసేది మీడియారికార్డర్ అనే భాగం. క్రోమ్ దాన్ని వెబ్ఎమ్ డబ్బాలో (అంటే ఫైలు రకం) ఓపస్ కోడెక్‌తో (అంటే ధ్వనిని కుదించే పద్ధతి) ఇస్తుంది. ఐఫోన్ బ్రౌజర్ సఫారీ చాలా వెర్షన్లలో ఎంపీ4 డబ్బాలో ఏఏసీ అనే వేరే కోడెక్‌తో ఇస్తుంది. మీకు సెట్ చేసినవాళ్ళు ఫైలు పేరు చివర గుడ్డిగా వెబ్ఎమ్ అని తగిలించి ఉంటారు. లోపల ఉన్నది ఎంపీ4, అందుకే తెరుచుకోదు. ఆ ఫైళ్ళు పారేయకండి. పేరు చివర ఎంపీ4 అని మార్చి వీఎల్‌సీ ప్లేయర్లో పెట్టి చూడండి, చాలావరకు పలుకుతాయి. ఐఓఎస్ 14.3 కంటే పాత ఫోన్లలో మాత్రం సఫారీలో ఇది పనిచేయదు.

ఖాళీ ఫైళ్ళకి కారణం వేరు. "తర్వాత" బటను ఎప్పుడు వెలుగుతోంది? రికార్డింగ్ ఆపగానే వెలుగుతుంటే, ఫైలు సర్వర్‌కి చేరకముందే మనిషి పక్క పేజీకి వెళ్ళిపోతాడు. అప్‌లోడ్ పూర్తయిందని సర్వర్ చెప్పాకే ఆ బటను వెలగాలి.

మాండలిక_మంజరి
@కోడ్‌కాపరి పేరు మార్చి చూశా, తెరుచుకున్నాయి! నెల నుంచి పక్కన పడేసిన ఫైళ్ళవి. చాలా థాంక్స్ అన్నా. బటను సంగతి మీరన్నట్టే ఉంది, ఆపగానే వెలుగుతోంది.

గోదారోడు
మొదటి మాట తెగడం గురించి. బటను నొక్కగానే జనం మాట్లాడేస్తారు, మైకు తెరుచుకోవడానికి కాస్త టైం పడుతుంది. రికార్డింగ్ నిజంగా మొదలయ్యాక ఒక సెకను ఆగి, అప్పుడు "ఇప్పుడు చెప్పండి" అని స్క్రీన్ మీద చూపించాలండి. మీది బొమ్మ చూసి పేరు చెప్పే పని కదా, జవాబే ఒక్క మాట. అది తెగితే మిగిలేదేం ఉండదు.

సర్వే_సుబ్బారావు
ఇంత ఇంజనీరింగ్ ఎందుకమ్మా? వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమని అడుగు. మా సంస్థ తరఫున రైతుల దగ్గర ఇలాగే తీసుకుంటాం. చదువు రాని పెద్దాయన కూడా మైకు బొమ్మ నొక్కి పట్టుకుని ఊరి సంగతులన్నీ చెప్తాడు. మనవడికి రోజూ పంపేది అలాగేగా. కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

ఫొనెటిక్_ఫణి
@సర్వే_సుబ్బారావు గారూ, మీ పనికి అది చాలు, మంజరి గారి పనికి చాలదు. రైతు ఏం చెప్పాడో మీకు కావాలి. ఎలా పలికాడో ఆవిడకి కావాలి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ సాధారణంగా తక్కువ బిట్‌రేటులో, అంటే సెకనుకి తక్కువ డేటాతో, 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో కుదించి వస్తుంది. సెకనుకి ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం వరకే ధ్వని నిలుస్తుంది, అంటే 8 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. ఉన్నదాంట్లో కూడా కోత పడుతుంది. ఫోన్ కాల్ అయితే ఇంకా ఘోరం, పాత టెలిఫోన్ పట్టీ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. మన దంత్య ౘ తీసుకోండి, "చాలు", "చుట్టం" లాంటి మాటల్లో వచ్చేది. దాని రాపిడి శబ్దం చాలావరకు 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. ఫోన్లో అది తెగిపోయాక తాలవ్య చకారానికీ దానికీ తేడా కొలవడానికి మీ చేతిలో ఏముంటుంది?

సర్వే_సుబ్బారావు
చెవికి తెలుస్తుంది కదయ్యా ఫణీ. ఫోన్లో మాట్లాడినా అవతలివాడు సీమవాడో గోదావరివాడో రెండు ముక్కల్లో చెప్పేస్తాం.

ఫొనెటిక్_ఫణి
చెవికి తెలిసేది రాగం, మాటల ఎంపిక, క్రియల చివర్లు. నేనంటున్నది ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి కొలిచే సంగతి. మంజరి గారు ముందు ఆ ఒక్కటీ తేల్చుకోవాలి: కావాల్సింది మాటలా, ధ్వనులా? మాటలైతే సుబ్బారావు గారి దారి బ్రహ్మాండం. ధ్వనులైతే ఆ దారిలో వెళ్ళకూడదు.

మాండలిక_మంజరి
రెండూ అనుకున్నా. బొమ్మల భాగంలో మాటలు (సొరకాయ అంటారా ఆనపకాయ అంటారా, మొక్కజొన్న అంటారా మక్కజొన్న అంటారా, ఈ తరహావి). నిమిషం మాటల భాగంలో అచ్చుల నిడివి, ౘ, ౙ కొలవాలని.

పాలమూరు_పిల్లగాడు
అక్కా, మా అవ్వకు నీ లింకు నేనే తెరిచి ఇచ్చిన. ఆమెతోని ఏమైందో చెప్తా విను. బొమ్మ రాలే, నెట్ స్లో ఉండె. బొమ్మ ఉండాల్సిన కాడ "సొరకాయ" అని అక్షరాలు వచ్చినయి. నేను అది చదివిన, అవ్వ "ఆఁ సొరకాయ" అన్నది. ఇంట్ల ఆమె ఎన్నడూ గట్ల అనదు, ఆనిగెపుకాయ అంటది.

మాండలిక_మంజరి
అయ్యో. బొమ్మ లోడ్ కాకపోతే కనిపించే ఆల్ట్ టెక్స్ట్ అది. సాఫ్ట్‌వేర్ తప్పనిసరిగా అడుగుతుందని సెట్ చేసినవాళ్ళు పెట్టారు. ఇవాళే "బొమ్మ 1", "బొమ్మ 2" అని మార్పిస్తా. తమ్ముడూ, ఇది చెప్పకపోతే సొరకాయ లెక్క ఎక్కడికో పోయేది.

కోడ్‌కాపరి
బొమ్మ ఫైలు పేరు కూడా మార్పించండి. కొన్ని బ్రౌజర్లలో బొమ్మను నొక్కి పడితే ఆ పేరు కనిపిస్తుంది. ఇంకోటి, బొమ్మ లోడ్ అయ్యేదాకా రికార్డు బటను రాకూడదు.

సీమ_సిన్నోడు
పాలమూరు తమ్ముడు చెప్పిన దాంట్లో ఇంకో సంగతి ఉండాది. పక్కన మనవడు ఉంటే అవ్వ మాట మారిపోతాది. మా నాయన ఇంట్లో "యాడికి పోతాండావురా" అంటాడు. ఫోన్లో మైకు పెట్టి మాట్లాడమంటే "ఎక్కడికి వెళ్తున్నారు" అని రేడియో వార్తలు చదివినట్టు మొదలుపెడతాడు. టీవీ వాళ్ళు ముందుకొచ్చి నిలబడితే మనుషులు ఎట్లా మాట్లాడతారో అట్లా.

ఫొనెటిక్_ఫణి
దీన్నే అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ పరిశీలకుడి వైరుధ్యం అన్నాడు. ఎవరూ గమనించనప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలి, తెలుసుకోవాలంటే గమనించాలి. ఆయన వాడిన ఉపాయం "ప్రాణం మీదికొచ్చిన సందర్భం ఎప్పుడైనా ఎదురైందా" అని అడగడం. కథలో పడ్డాక మనిషి మైకును మరిచిపోతాడు. మంజరి గారూ, మీ నిమిషం ప్రశ్న ఏంటి?

మాండలిక_మంజరి
"మీ ఊరి గురించి ఒక నిమిషం మాట్లాడండి."

ఫొనెటిక్_ఫణి
అందుకే వ్యాసాలు వస్తున్నాయి. జనాభా, నది, దేవాలయం అని వరసగా చెప్పేస్తారు. జరిగిన సంఘటన అడగండి.

ఏఎన్ఎం_అరుణ
ప్రాణం మీదికొచ్చిన సంగతి ఆన్‌లైన్లో అడగొద్దండీ. ఎదురుగా కూర్చున్నప్పుడు అయితే మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆపుతాం, మంచినీళ్ళు ఇస్తాం. ఒంటరిగా ఫోన్ పట్టుకున్న మనిషిని కదిలించి, నిమిషం అయ్యాక "ధన్యవాదాలు" అని స్క్రీన్ చూపించి వదిలేయడం న్యాయం కాదు. తుఫాను, కరువు, కోవిడ్‌లో పోయినవాళ్ళు, ఎవరికి ఏది తగులుతుందో మనకి తెలీదు.

ఫొనెటిక్_ఫణి
అరుణ గారితో ఏకీభవిస్తున్నా. నవ్వొచ్చే సంఘటన అడిగినా పని జరుగుతుంది. "చిన్నప్పుడు ఇంట్లో బాగా తిట్లు తిన్న సందర్భం చెప్పండి" అనండి. తిట్టు యాసలోనే గుర్తుంటుంది, యాసలోనే బయటికొస్తుంది.

సీమ_సిన్నోడు
నాయన తిట్లు చెప్పమంటే నిమిషం యాడ సాలుతుందన్నా 😄

ఏఎన్ఎం_అరుణ
గొంతు జవాబులో ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరూ అనలేదు. మేం ఒకసారి కుటుంబ నియంత్రణ గురించి ఫోన్లో సర్వే చేశాం. అంకె నొక్కమంటే ఆడవాళ్ళు నొక్కేవాళ్ళు. మాటల్లో చెప్పమంటే నసిగి పెట్టేసేవాళ్ళు. పక్కన అత్తగారు ఉంటుంది, గది ఒక్కటే, ఫోన్ భర్తది. టైపు చేసింది తుడిచేయొచ్చు, మాట గాల్లోకి వెళ్తే పక్కవాళ్ళ చెవిన పడుతుంది. చదువు రాని వాళ్ళకి గొంతే సుఖం అని అందరూ అంటారు. నిజమే, ఆ సుఖం ఏ ప్రశ్నకి అన్నది చూడాలి. మంజరి గారి సొరకాయకి ఈ ఇబ్బంది లేదు. ఇది చదివి ఆరోగ్యం, అప్పులు, కులం లాంటి విషయాలకి మైకు పెట్టాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. గొంతు, బటను రెండూ ఇచ్చి మనిషిని ఎంచుకోనివ్వండి.

సర్వే_సుబ్బారావు
ఇది బంగారం లాంటి మాట. మేం కూడా అప్పు ఎంత అన్న ప్రశ్నకి అంకెలే నొక్కిస్తాం.

ఇర్వింగ్_ఇందిర
ఇక్కడ టెక్సస్‌లో మా పిల్లల తెలుగు మీద ఒక విద్యార్థిని సర్వే చేసింది. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు. ప్రశ్నలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి! మా ఆయన పక్కన కూర్చుని చదివి పెట్టాల్సి వచ్చింది, మళ్ళీ అదే గోల, పిల్ల వాళ్ళ నాన్న మాటే తిరిగి చెప్పింది. జవాబు గొంతుతో అడిగేవాళ్ళు ప్రశ్న కూడా గొంతుతో పెట్టాలి. పాలమూరు అబ్బాయి వాళ్ళ అవ్వకీ మా అమ్మాయికీ కావాల్సింది ఒకటే.

మాండలిక_మంజరి
@ఇర్వింగ్_ఇందిర గారూ, అది అనుకున్నా. కానీ ప్రశ్న నా గొంతుతో పెడితే నాది కృష్ణా జిల్లా మాట. వినేవాళ్ళు నా వైపు వాలిపోతారేమో అని భయం.

ఫొనెటిక్_ఫణి
వాలతారు. అది బాగా తెలిసిన విషయమే, ఎదుటివాళ్ళ మాటకి దగ్గరగా జరగడం మనిషి సహజం. మూడు ప్రాంతాలకి మూడు గొంతులతో ప్రశ్న రికార్డు చేయించండి. మొదటి పేజీలో పుట్టిన జిల్లా అడుగుతారు కదా, దాన్నిబట్టి ఆ గొంతు వినిపించండి.

గోదారోడు
అలా చేస్తే ఒక్కో గుంపుకి ఒక్కో ప్రశ్న పెట్టినట్టు కాదా? శ్రీకాకుళం వాళ్ళకి శ్రీకాకుళం గొంతు వినిపించి, వాళ్ళలో శ్రీకాకుళం యాస మిగిలిందని తేలిస్తే, అది వాళ్ళలో మిగిలిందా, మనం గుర్తు చేశామా? పరీక్షకులు మొదట అడిగేది ఇదే.

ఫొనెటిక్_ఫణి
మంచి పాయింటు. అయితే అందరికీ ఒకే గొంతు పెట్టి, దాని ప్రభావం ఉంటుందని థీసిస్‌లో రాసెయ్యాలి. లేదా ప్రతి ప్రాంతంలో సగం మందికి సొంత గొంతు, సగం మందికి వేరే గొంతు లాటరీ పద్ధతిలో ఇవ్వాలి. అది చేస్తే అదే ఒక అధ్యాయం అవుతుంది.

మాండలిక_మంజరి
లాటరీ పద్ధతి బాగా నచ్చింది. గైడ్ గారితో మాట్లాడతా.

పాలమూరు_పిల్లగాడు
మా దిక్కు గొంతు కావాల్నంటే నేనున్న అక్కా. పైసలొద్దు.

కోడ్‌కాపరి
పెద్దవాళ్ళు మైకు పేజీ దగ్గర పారిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఏం జరుగుతుందో చూడండి. బటను నొక్కగానే బ్రౌజర్ ఒక పెట్టె చూపిస్తుంది: ఈ సైటు మీ మైక్రోఫోన్ వాడుకోవచ్చా అని. అది ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తుంది. మన పెద్దవాళ్ళ ఫోన్లు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. "తెలియని లింకులో ఏదీ ఒప్పుకోకండి" అని పిల్లలు చెప్పి ఉంటారు, సైబర్ మోసాల వార్తలు రోజూ వింటున్నారు. బ్లాక్ నొక్కుతారు. వాళ్ళ తప్పేమీ లేదు, అలా నొక్కడమే మంచి అలవాటు. ఒకసారి బ్లాక్ నొక్కితే క్రోమ్ ఆ సైటుకి మళ్ళీ అడగదు. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి, పర్మిషన్లలోకి వెళ్ళి మార్చాలి. ఎవరు వెళ్తారు?

ఆ పెట్టెలో మాటలు మనం మార్చలేం. దానికి ముందు పేజీ మన చేతిలో ఉంది. ఆ పెట్టె ఎలా ఉంటుందో ఫొటో పెట్టి, ఎందుకు అడుగుతున్నామో పెద్ద తెలుగు అక్షరాల్లో, గొంతులో కూడా చెప్పాలి. సైటు అడ్రస్ మీ యూనివర్సిటీ పేరుతో ఉంటే ఇంకా మంచిది. హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) లేకపోతే మైకు అసలు తెరుచుకోదు, అది మీ వాళ్ళకి తెలిసే ఉంటుంది. రికార్డింగ్ పెట్టె సర్వే పేజీలో ఐఫ్రేమ్‌గా, అంటే పేజీలో ఇంకో పేజీలా, కూర్చుని ఉంటే దానికి మైక్రోఫోన్ అనుమతి విడిగా రాయాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లోపలే తెరుచుకునే బ్రౌజర్లో మైకు చాలాసార్లు పనిచేయదు, "క్రోమ్‌లో తెరవండి" అని చెప్పే పేజీ పెట్టుకోండి.

సర్వే_సుబ్బారావు
గూగుల్ ఫామ్స్‌లో ఇదంతా ఉండదా?

కోడ్‌కాపరి
దాంట్లో గొంతు రికార్డు చేసే ప్రశ్న లేదు సార్. ఫైలు అప్‌లోడ్ ఉంది, దానికి గూగుల్ ఖాతాలో లాగిన్ అవ్వాలి. విడిగా రికార్డు చేసుకుని, ఫైలు వెతికి పెట్టాలి. పెద్దవాళ్ళకి అది మైకు పెట్టె కంటే కష్టం.

ఏఎన్ఎం_అరుణ
ఫీల్డులో మనిషి వెళ్ళగలిగితే కోబో కలెక్ట్ లేదా ఓడీకే కలెక్ట్ అనే సర్వే యాప్‌లు చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లో నెట్ లేకపోయినా రికార్డు చేస్తుంది, సిగ్నల్ దొరికాక పంపుతుంది. ఆడియో నాణ్యత ఎంత కావాలో ఫారంలోనే రాసుకోవచ్చు. వాయిస్-ఓన్లీ అని పెడితే ఫైలు చాలా చిన్నది. ఫణి గారు చెప్పిన కొలతలకి అది పనికిరాదు, నార్మల్ పెట్టాలి.

ఫొనెటిక్_ఫణి
బ్రౌజర్లో కూడా ఒక పని మర్చిపోకండి. కాల్స్‌లో మాట్లాడేటప్పుడు హాయిగా ఉండాలని బ్రౌజర్ మూడు పనులు చేస్తుంది: వెనక చప్పుడు తగ్గించడం, ప్రతిధ్వని తీసేయడం, గొంతు హెచ్చుతగ్గుల్ని సమం చేయడం. మూడూ ఆపేయండి. చప్పుడు అనుకుని అది తీసేసేదాంట్లో మన స, శ, ౘ రాపిడి కూడా పోతుంది. కోవిడ్ రోజుల్లో అందరూ జూమ్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాక, ఏ పరికరం, ఏ సాఫ్ట్‌వేర్ కొలతల్ని ఎలా మారుస్తుందో చూసిన పరిశోధన 2021లో లాంగ్వేజ్ అనే భాషాశాస్త్ర పత్రికలో వచ్చింది. అచ్చుల కొలతలు కూడా మారుతున్నాయని అందులో తేలింది. అందుకే ఏ ఫోన్, ఏ బ్రౌజర్ అన్నది ప్రతి ఫైలుతో పాటు దాచుకోండి. శ్రీకాకుళం వాళ్ళంతా ఆండ్రాయిడ్, కర్నూలు వాళ్ళంతా ఐఫోన్ అయితే మీరు కొలిచేది ఫోన్ల తేడా అవుతుంది.

గోదారోడు
కుదించకుండా డబ్ల్యూఏవీ ఫైలుగా తీసుకుంటే పోదా?

ఫొనెటిక్_ఫణి
44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో నిమిషానికి 5 ఎంబీ దాటుతుంది. ఓపస్ 32 కిలోబిట్లకి అదే నిమిషం సుమారు 240 కేబీ. వైఫై ఉన్నవాళ్ళ దగ్గర డబ్ల్యూఏవీ తీసుకోవచ్చు. డేటా ప్యాక్ మీద బతికేవాళ్ళని అడగలేం. ఓపస్‌నే ఎక్కువ బిట్‌రేటులో తీసుకుంటే అచ్చుల నిడివికి ఢోకా ఉండదు. ప్రాట్ వెబ్ఎమ్ ఫైళ్ళని చదవదు కాబట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాధనంతో డబ్ల్యూఏవీకి మార్చుకుంటారు. మార్చినంత మాత్రాన పోయిన ధ్వని తిరిగిరాదు, అదొక్కటి గుర్తుంచుకోండి.

చట్టం_చెప్తా
అనుమతి పత్రం సంగతేంటి? ఎవరూ అడగట్లేదు. టైపు చేసిన జవాబులో పేరు తీసేస్తే మనిషి దొరకడు. గొంతులో పేరు తీసేసినా మనిషి దొరుకుతాడు, ఊరివాళ్ళు విని "ఇది మా బాబాయే" అంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో ఉండాల్సిందే. 18 ఏళ్ళ లోపు వాళ్ళయితే తల్లిదండ్రుల సమ్మతి. పరిశోధనకి మినహాయింపు ఉంది, నిర్ణీత ప్రమాణాలు పాటించాలి, ఆ డేటాతో ఆ మనిషి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మినహాయింపు ఉంది కదా అని సమ్మతి ఎగ్గొట్టొద్దు, యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.

సమ్మతిని రెండు ముక్కలు చేయండి. "మీ జవాబు నేను విని రాసుకోవచ్చా" ఒకటి. "మీ గొంతు ఫైలు దాచి, ఇతర పరిశోధకులకి ఇవ్వొచ్చా" ఇంకొకటి. మొదటిదానికి ఊఁ అని రెండోదానికి ఊహూఁ అనే హక్కు వాళ్ళకి ఉండాలి.

సర్వే_సుబ్బారావు
మేం సమ్మతి కూడా గొంతులోనే తీసుకుంటాం. "నా పేరు చెప్పక్కర్లేదు, నేను ఒప్పుకుంటున్నా" అని అనిపిస్తాం. చదవడం రాని మనిషి దగ్గర టిక్కు పెట్టించుకోవడం కంటే అది మేలు.

చట్టం_చెప్తా
మేలే. చదవడం రాని వాళ్ళ దగ్గర నిష్పాక్షికమైన సాక్షి ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్తాయి, అది వైద్య పరిశోధనకి. ఆన్‌లైన్లో సాక్షిని ఎక్కడ తెస్తాం, కాబట్టి గొంతు సమ్మతి దగ్గరి దారి. వాట్సాప్‌లో తీసుకుంటే ఫోన్ నెంబరు, ప్రొఫైల్ ఫొటో మీ దగ్గరికి వచ్చేస్తాయి సుబ్బారావు గారూ, అవి ఎక్కడ దాస్తున్నారు? ఆఫీసు ఫోన్ పోతే?

సర్వే_సుబ్బారావు
ఆఫీసు ఫోన్ లాకర్లో ఉంటుంది. ఫైళ్ళకి నెంబర్లు తీసి కోడ్ ఇస్తాం, తర్వాత చాట్ చెరిపేస్తాం. బ్యాకప్‌లో ఉండిపోతాయన్నది మాత్రం చూడాల్సిన సంగతే, రేపు మా వాళ్ళకి చెప్తా.

ఇర్వింగ్_ఇందిర
వెనకాల మాటల సంగతి కూడా ఆలోచించండి. మా అమ్మాయి రికార్డింగులో వెనక నేను ఫోన్లో మా వదినతో ఇంటి విషయాలు మాట్లాడుతున్నా. నన్నెవరూ అడగలేదు కదా. ఆ విద్యార్థినికి మెయిల్ పెడితే ఆ ముక్క కత్తిరించి మళ్ళీ పంపింది, మంచి పిల్ల.

సీమ_సిన్నోడు
రికార్డు చేసినాక మళ్ళీ వినే వీలు పెడతారా? నేనైతే వినకుండా పంపను.

ఫొనెటిక్_ఫణి
పెడితే జనం నచ్చక మళ్ళీ మళ్ళీ చెప్తారు. మూడోసారికి మాట సాపుగా, పుస్తకంలా అయిపోతుంది. నాకైతే మొదటిదే కావాలి.

చట్టం_చెప్తా
తన గొంతు తను విని చెరిపేసే హక్కు ఇవ్వాలి.

ఫొనెటిక్_ఫణి
చెరిపే బటను ఉండాలి, అది ఒప్పుకుంటా. మళ్ళీ చెప్పే బటను మాత్రం వద్దంటున్నా. వినొచ్చు, పంపొచ్చు, లేదా వద్దనుకుని వదిలేయొచ్చు.

మాండలిక_మంజరి
ఇది ఇద్దరి మాటా నిలబెట్టే దారి. ఇలాగే చేస్తా.

గోదారోడు
వచ్చినవన్నీ రాసుకోవడం ఎలా? మాటను రాతగా మార్చే విస్పర్ మోడల్‌తో చేయిస్తారా?

కోడ్‌కాపరి
విస్పర్ తెలుగు అంత బాగా రాయదు, యాస పడితే ఇంకా కష్టం. దాని పెద్ద చిక్కు నిశ్శబ్దం. ఎవరూ మాట్లాడని చోట కూడా వాక్యాలు అల్లేస్తుంది. మంజరి గారి ఖాళీ ఫైళ్ళు దానికి ఇచ్చి ఉంటే ఖాళీ అని కూడా తెలిసేది కాదు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళ మోడళ్ళు మన భాషల కోసమే చేసినవి, వాటితో మొదలుపెట్టండి.

ఫొనెటిక్_ఫణి
ఏ మోడలైనా యాసని సరిదిద్దేస్తుంది. "పోతాండా" అంటే "పోతున్నా" అని రాసిపెడుతుంది. ఆవిడ పరిశోధనే ఆ తేడా మీద. ఎక్కడ ఏం మాట్లాడారో వెతుక్కోవడానికి మెషిన్ వాడండి, రాత మాత్రం ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో మనిషే చేయాలి, ఆ ప్రాంతం మనిషైతే మరీ మంచిది.

గోదారోడు
1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వచ్చింది కదండీ. దానికోసం మనుషులు జిల్లాల్లో ఊళ్ళకి వెళ్ళి, రైతుల ముందు కూర్చుని, నాగలిలో ప్రతి ముక్కకీ ఆ ఊళ్ళో ఏమంటారో అడిగి రాసుకున్నారు. నాగలి అక్కడే ఉంది, వేలుపెట్టి చూపించి అడగొచ్చు. ఫోన్లో బొమ్మకి ఆ బలం లేదు. మంజరి గారి గైడ్ గారి మాట పూర్తిగా తోసెయ్యకండి.

పాలమూరు_పిల్లగాడు
అన్నా, ఇప్పుడు హైదరాబాద్‌ల నాగలి యాడ దొరుకుతది?

గోదారోడు
సొరకాయ దొరుకుతుంది తమ్ముడూ, రైతు బజార్లో 😄 పెద్దవాళ్ళ ముందు పెట్టి అడగొచ్చు.

ఏఎన్ఎం_అరుణ
అది నిజంగా మంచి ఆలోచన. అరవై దాటినవాళ్ళకి మనిషి వెళ్ళాలి, మిగతావాళ్ళకి లింకు. స్పెయిన్‌లో రెవిల్లా, కూపర్ వాళ్ళు 2020లో అచ్చేసిన పరిశోధనలో కూడా స్మార్ట్‌ఫోన్ సర్వేలో గొంతు అడిగితే జవాబులు పొడుగ్గా వచ్చాయి, జవాబివ్వకుండా వదిలేసినవాళ్ళు కూడా పెరిగారు. మైకుకి ఒప్పుకున్నవాళ్ళూ ఒప్పుకోనివాళ్ళూ ఒకే రకం మనుషులు కారు. లింకు ద్వారా మాట్లాడిన పెద్దవాళ్ళనే తీసుకుంటే, ఫోన్ బాగా వచ్చిన, నగరానికి బాగా అలవాటుపడ్డ పెద్దవాళ్ళే మిగులుతారు. యాస పోయిందని తేలుతుంది. యాస ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు మైకు పేజీ దగ్గరే వెళ్ళిపోయి ఉంటారు.

మాండలిక_మంజరి
ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయా అరుణ గారూ. నా ప్రశ్నకే ఎసరు పెట్టే సంగతి ఇది.

సరే, చేయబోయేది ఇది. అరవై దాటినవాళ్ళ ఇళ్ళకి నేనే వెళ్తా, కూరగాయలు పట్టుకుని. ఫోన్లో ఓడీకే, నార్మల్ నాణ్యత. మిగతావాళ్ళకి లింకు, కొత్త అనుమతి పేజీతో. కొందరు నడివయసు వాళ్ళ దగ్గర రెండు రకాలుగానూ తీసుకుంటా, పద్ధతి వల్ల తేడా ఎంత వస్తుందో తెలుస్తుంది. నిమిషం ప్రశ్న తిట్ల ప్రశ్నే. సమ్మతి రెండు ముక్కలు.

ఫొనెటిక్_ఫణి
రెండు రకాలుగా తీసుకునేవాళ్ళలో సగం మందికి లింకు ముందు, సగం మందికి ఇల్లు ముందు పెట్టండి.

చట్టం_చెప్తా
సమ్మతి పత్రం తెలుగు ముసాయిదా ఇక్కడ పెట్టండి, చూసిపెడతా. "డేటా ప్రాసెసింగ్" లాంటి మాటలుంటే తీసేయిస్తా.

నిర్వాహకుడు
ఈ చర్చను "పరిశోధన పద్ధతులు" విభాగంలోకి మార్చాను. మంజరి గారి సర్వే లింకు ఇక్కడ బహిరంగంగా పెట్టకండి, ముందే ప్రశ్నలు చూసినవాళ్ళ జవాబులు ఆమెకి పనికిరావు. పరీక్షించి చూసేవాళ్ళు విడిగా సందేశం పంపండి.

ఇర్వింగ్_ఇందిర
మా ఇంట్లో పాత ఐఫోన్ ఒకటి, కొత్తది ఒకటి, మా అబ్బాయి ఆండ్రాయిడ్ ఉన్నాయి. టెస్ట్ లింకు పంపమ్మా, మూడింట్లోనూ చూసి ఏ ఫైలు ఎలా వచ్చిందో చెప్తా. మాకు సాయంత్రం అయితే మీకు తెల్లవారుజాము, లేచేసరికి నీ దగ్గర ఉంటాయి.

కోడ్‌కాపరి
@ఇర్వింగ్_ఇందిర గారూ, పాత ఐఫోన్లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్ళి ఐఓఎస్ వెర్షన్ ఎంతో కూడా రాయండి. 14.3 కంటే తక్కువైతే అందులో "ఈ ఫోన్లో రికార్డింగ్ పనిచేయదు" అన్న పేజీ వస్తోందా లేదా చూస్తే చాలు.

పాలమూరు_పిల్లగాడు
అవ్వను అడిగిన అక్కా. ఆదివారం రమ్మన్నది. ఆనిగెపుకాయ నువ్వు కొనుడేంది, మా పెరట్ల కాసినయి తెంపుతా అంటున్నది. మైకు గీకు ఏమన్న ఉంటే అన్నం తిన్నంక పెట్టుకోమన్నది.